చుట్టాల నీళ్లు

1391వ రోజు

ఈ రోజు ముప్పై ఒక్కమందికి ప్రెషరు చూశాను. పందొమ్మిదిమందికి మాత్ర పెంచాను. చూసేది నేను, చీటీ రాసేది నేను, ఆ చీటీ మింగి మాత్రలు కక్కేది గోడకున్న పెట్టె. నీళ్ల మీద తేలే ఈ తెప్పలవాడలో ఉన్న నలభై మూడు ఇళ్లకీ నర్సూ డాక్టరూ అన్నీ నేనే. తిట్టేది కూడా నేనే.

తిట్టడం ఈమధ్య ఎక్కువైంది. ఉప్పు తగ్గించండి, ఎండుచేప మానండి అని నాలుగేళ్లుగా ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నాను. తగ్గించామనే అంటారు. నిజమే, ఏ ఇంట్లో తిన్నా పులుసు చప్పగానే ఉంటుంది. మరి ప్రెషరు ఎందుకు దిగడం లేదు? నా ముందు చప్పగా వండి, నేను గడప దాటగానే ఉప్పు డబ్బా తీస్తారని నా అనుమానం. ఈ రోజు ఆ మాట నాంచారమ్మ మొహం మీదే అనేశాను.

“అబద్ధమాడాల్సిన ఖర్మ మాకేందండీ నర్సమ్మగారూ? ఉప్పు డబ్బా ఖాళీ అయ్యి ఏడాది దాటింది. ఇదిగో, చూసుకోండి,” అని డబ్బా తెచ్చి నా ఒళ్లో బోర్లించింది. ఒక్క రవ్వ రాలలేదు. నేను నమ్మలేదు. డబ్బాలు రెండుండకూడదని ఎక్కడ ఉంది?

నాంచారమ్మ ఈ వాడకు పెద్ద. ఆమె కోడలు తాయారుకి ఇప్పుడు ఆరో నెల. ముందు రెండు కాన్పులూ ఎనిమిదో నెలలోనే పోయాయి. రెండూ నేను వచ్చాకే. ప్రెషరు పెరిగి, ఒళ్లు ఉబ్బి, మెరకకు తీసుకుపోతున్న పడవలోనే పోయాయి. సముద్రం మింగగా మిగిలిన ఎత్తు నేల మెరక. ఆసుపత్రీ ఆఫీసులూ అక్కడే. ఇక్కడి నుంచి రెండు రోజుల ప్రయాణం. ఈసారి చచ్చినా పడవెక్కనని తాయారు ఒట్టు పెట్టుకుంది. కాబట్టి ఆ బిడ్డ బతుకంతా నా చీటీ మీదే ఉంది.

ఈ లాగ్ బుక్కులో సొంత గోడు రాయకూడదని నియమం. చదివే మనిషి ఉన్న రోజుల్లో నియమం పాటించాను. ఇప్పుడు చదివేది యంత్రం. దానికి నా గోడైనా ఒకటే, నా అంకెలైనా ఒకటే.

1396వ రోజు

తాయారు ప్రెషరు నూట నలభై ఆరు, తొంభై ఆరు. చీలమండలు వాచాయి. రెండో మాత్ర మొదలుపెట్టాను.

మధ్యాహ్నం వాళ్లింట్లోనే భోజనం. ఇక్కడ చుట్టం కూర్చోవడమే, కదలడానికి లేదు. చాప పరుస్తారు, మూత పెట్టిన ఇత్తడి చెంబు పళ్లెంలో పెట్టి తెస్తారు. ఇంటి కుండల దగ్గరికి వెళ్లబోతే ముగ్గురు అడ్డం పడతారు. నాలుగేళ్లలో ఈ వాడలో ఏ కుండ మూతా నా చేత్తో తీసింది లేదు. పెళ్లై వెళ్లిన కూతురు తిరిగొచ్చినా అంతే, వాడ విడిచి నెల దాటినవాళ్లు ఎవరొచ్చినా అంతే. చాప, చెంబు, పళ్లెం.

మొదటి ఏడాది ఈ మర్యాదకు పొంగిపోయాను. ఇప్పుడు చెంబు వస్తుంటే నా కళ్లు ఇంటి కుండల వైపు పోతాయి. నేను మెరకలో అనాథ హాస్టలులో పెరిగాను. నన్ను వరస పెట్టి పిలిచినవాళ్లు లేరు. అక్కడ ఎస్తేరు, నంబరు అరవై రెండు. ఇక్కడ నర్సమ్మగారు. నలభై ఒక్కేళ్లు వచ్చినా, ఎవరైనా నన్ను ‘ఒసేయ్’ అంటే బాగుండునని ఇంకా ఉంది. తాయారు ఆడపిల్లలందరినీ కసురుతుంది, నవ్విస్తుంది, జడ పట్టుకుని లాగుతుంది. నేను వెళ్లగానే చీర సర్దుకుని లేచి నిలబడుతుంది.

“కూర్చో తాయారూ, నేనేమైనా కలెక్టరునా?” అంటే,

“అట్టా అనకండి, మీరు కూర్చుంటేనే మేం కూర్చునేది,” అంటుంది.

1404వ రోజు

తాయారుకి నూట యాభై, తొంభై ఎనిమిది. రెండు మాత్రల దాకా నేను సొంతంగా రాయొచ్చు. మూడోదానికి మెరక ఆమోదం కావాలి. అడిగాను. రెప్పపాటులో వచ్చింది.

అంత త్వరగా వస్తే నాకు భయం వేస్తుంది. మొదటి ఏడాది ఆమోదం ఇచ్చింది ఫార్మసిస్టు వీరభద్రంగారు. ఆయన మొహం నేనెప్పుడూ చూడలేదు. ఆమోదానికి మూడు రోజులు పట్టేది, కింద ఓ ప్రశ్న ఉండేది. ‘ఈవిడ నిద్ర పోతోందా?’ ‘ఇంట్లో ఎవరైనా పోయారా?’ ఒకసారి నాకు చిర్రెత్తి, మాత్ర అడిగితే పురాణం అడుగుతారేమిటని రాశాను. ఆయన జవాబు: ‘మాత్ర రాసే ముందు వాళ్లింట్లో ఓ పూట తిను, అమ్మాయీ.’

అమ్మాయీ. ఆ ఒక్క మాట కోసం ఎన్నిసార్లు ఆ పేజీ తిప్పానో నాకే తెలుసు. తర్వాత ఆయన్ని ఇంటికి పంపి యంత్రాన్ని కూర్చోబెట్టారు. యంత్రం ప్రశ్నలు అడగదు, కాబట్టి పని చురుగ్గా సాగుతోందని మెరక వాళ్లు చాలా సంతోషంగా ఉన్నారు.

ఆయన చెప్పినట్టే అందరి ఇళ్లలోనూ తిన్నానే. ఏం కనిపెట్టాను? చప్పటి పులుసు.

1412వ రోజు

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఈ రోజు తాయారుకి గాజులు తొడిగారు. ఏడో నెల వచ్చిందిగా. నేను ప్రెషరు మిషను సంచిలో వేసుకుని, చుట్టం చాప మీద ఓ మూల కూర్చున్నాను. మొదటి గాజు తొడగాల్సింది ఆడపడుచు. తాయారు మొగుడు కొండలుకి తోడబుట్టినవాళ్లు లేరు. కిందటి రెండుసార్లూ వరసకి ఎవరినో పిలిచి కానిచ్చారట. ఆడవాళ్లందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాంచారమ్మ గాజుల పళ్లెం తీసుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది.

“లే,” అంది.

నాకు అర్థం కాలేదు.

“లేవమంటే లేవవేం? ఈ పొద్దు నుంచి నువ్వు కొండలుకి అక్కవి. నీ మరదలికి గాజులు నువ్వు గాక ఇంకెవరు తొడుగుతారే?”

నర్సమ్మగారు పోయి ‘ఏవే’ అయ్యాను. నాకు ఏడుపు ఆగలేదు, దాచుకోలేదు కూడా. ఆకుపచ్చ గాజు తొడుగుతుంటే తాయారు వాచిన చేతికి అది ఎక్కలేదు. సబ్బు రాసి ఎక్కించాను. “మెల్లిగా వదినా, చెయ్యి విరుగుద్ది,” అంది. ఆ పిలుపు వినడానికే నాలుగేళ్లు ఈ ఉప్పు గాలిలో పడి ఉన్నానేమో.

అక్షింతలయ్యాక దాహమేసింది. చెంబు కోసం చూశాను. రాలేదు. నాంచారమ్మ అటు తిరిగి ఎవరికో తాంబూలం ఇస్తూ, “దాహమైతే ఆ మూల కుండలో ముంచుకు తాగు. ఇంటి మనిషివేగా,” అంది.

కుండ దగ్గరికి వెళ్లి, నా చేత్తో మూత తీసి, గ్లాసు ముంచి, గొప్పగా ఒక్క గుక్కలో సగం తాగేశాను.

ఉప్పు.

కళ్లకు నీళ్లొచ్చేంత కాదు. చేపల పులుసుకి సరిపోయేంత. గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పక్కనే గుడ్డ కట్టిన పెద్ద జాడీ ఉంది. “అదేమిటి?” అని అడిగితే, “అది చుట్టాల నీళ్లే. వాన నీళ్లు. మనం తాగకూడదు,” అంది నాంచారమ్మ.

సంచిలోంచి ఉప్పు మీటరు తీసి రెండింటిలోనూ ముంచాను. జాడీ ఆకుపచ్చ చూపింది. కుండ ఎర్రగా చూపి కూత పెట్టింది. గాజుల సందడి ఆగిపోయి అందరూ నావైపు చూశారు.

“అమ్మా, నేను నీళ్లు పరీక్ష చెయ్యాలని ఇల్లిల్లూ తిరిగి అడిగినప్పుడు ఏ నీళ్లిచ్చారు?”

“చుట్టాలవే.”

“ఎందుకు?”

నాంచారమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. “గడప తొక్కిన పెద్దమనిషి నీళ్లడిగితే ఆ ఉప్పు విరిచే మిషను నీళ్లు ఎట్టా ఇస్తామే? పరువుండొద్దూ? నువ్వు నీళ్లడిగావు, మంచివి ఇచ్చాం. ఉప్పగా ఉన్నాయా అని ఎప్పుడన్నా అడిగావా?”

1413వ రోజు

పాత పేజీలు తిప్పాను. 418వ రోజు, నా చేతిరాత: ‘నలభై మూడు ఇళ్లలో తాగునీరు పరీక్షించాను. అన్నిచోట్లా మంచినీళ్లే.’ వీరభద్రంగారు అప్పటికే లేరు. ఎవరి కోసం పెట్టుకున్న నీళ్లని అడిగేవారు లేరు. 450వ రోజు: ‘మెరక నుంచి నీటి పడవ రావడం ఆగిపోయింది. కారణం తెలియదు.’

కారణం నేనే. వాడలో మంచినీళ్లు పుష్కలంగా ఉన్నాయని నర్సు సంతకం పెట్టి పంపాక వాళ్లు పడవ ఎందుకు నడుపుతారు? పడవ నీళ్లు కలుపుకుని నెట్టుకొచ్చినవాళ్లందరూ అప్పటి నుంచి తాగేది సముద్రపు నీళ్లలో ఉప్పు విరిచే పాత మిషను నీళ్లు మాత్రమే. అది ఏటికేడు తక్కువ విరుస్తూ వచ్చింది, నాలుకలు అలవాటు పడుతూ వచ్చాయి. నాకు మాత్రం పెట్టెలో నింపే మాత్రలతోపాటు సీలు వేసిన సీసాల నీళ్లు వస్తాయి. ఉప్పు డబ్బా ఎందుకు ఖాళీ అయిందో ఇప్పుడు తెలిసింది. ఆ నీళ్లతో వండితే ఉప్పు వేసే పనేముంది? నా భోజనం వరకూ జాడీ నీళ్లతో వండి, అప్పుడూ ఉప్పు మర్చిపోయేవారు. ఆ చప్పటి పులుసు తిని నా ప్రచారం ఫలించిందని నివేదికలు పంపాను.

తాయారు పోగొట్టుకున్న ఇద్దరూ 450 తర్వాతే. ఈ వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది.

ఈ రోజు ప్రెషరు నూట యాభై ఆరు, నూట రెండు. నాలుగో మాత్ర ఇవ్వమని యంత్రం తనంతట తానే ఆమోదం పంపింది. ఇవ్వలేదు. మూడు మాత్రలూ అలాగే ఉంచి, ముందు నీళ్లు మార్చి చూస్తాను. రోజుకు రెండుసార్లు నేనే వెళ్లి చూడాలి. అంకె ఇంకా ఎక్కితే కాళ్లు పట్టుకునైనా పడవెక్కించాలి.

1414వ రోజు

నా సీసాలన్నీ తాయారు ఇంట్లో పెట్టాను. తొమ్మిది ఉన్నాయి. నాలుగు రోజులకు సరి.

నీళ్లు కావాలని చీటీ రాశాను. మందు: నీళ్లు. రోజుకు నాలుగు లీటర్లు, నోటి ద్వారా. పెట్టె దాన్ని వెనక్కి ఉమ్మేసింది. జాబితాలో లేని మందట. పట్టు వదలకుండా నలభై మూడు ఇళ్ల పేరునా నలభై మూడు చీటీలు రాశాను. అన్నీ ఉమ్మేసింది. రేపు మళ్లీ రాస్తాను. దానికి విసుగు రాదని తెలుసు, నాకూ రాదని దానికి తెలియాలి.

1415వ రోజు

సాయంత్రం నడి తెప్ప మీద అందరినీ కూర్చోబెట్టి, తప్పు నాదని చెప్పాను. ఎవరూ తిట్టలేదు. తిడితే తేలికపడేదాన్ని. తర్వాత జాడీల సంగతి ఎత్తాను. తెప్ప మోసే బరువుకి ఇంటికి ఒక్క జాడీ మించి పట్టదు. వేసవి కదా, అన్నిట్లోనూ సగమే ఉన్నాయి. ఆ సగం తాయారుకి ఇవ్వమన్నాను.

సముద్రాలు తాత లేచాడు. వాడలో అందరికంటే పెద్దవాడు. “నీళ్లివ్వడానికి ఏడవడం లేదమ్మా. రేపు ఏ పడవో వచ్చి గడపలో చుట్టం నిలబడితే ఏం పొయ్యాలి? జాడీ ఎండిన ఇల్లు ఇల్లేనా?”

ఉప్పు గురించి, గుండె గురించి, కడుపులో బిడ్డను పోషించే మాయ గురించి నాకు వచ్చినదంతా చెప్పాను. ఓపిగ్గా విన్నారు. ఎవరూ కదల్లేదు. నాలుగేళ్లుగా చేసిందీ ఇదే కదా. నేను చెప్పడం, వాళ్లు వినడం. అప్పుడు తాయారు పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చున్న చోటికి నా చూపు పోయింది.

“తాతా, చుట్టం వచ్చే ఉంది. రెండుసార్లు గడప దాకా వచ్చి, దాహంతో తిరిగిపోయింది. ఇది మూడోసారి. ఇప్పుడు కూడా పొయ్యరా?” అన్నాను.

ముందు లేచింది సముద్రాలు తాతే. ఇంటికి వెళ్లి, మూత పెట్టిన చెంబు పళ్లెంలో పెట్టుకుని, రెండు చేతులతో తెచ్చి తాయారు ముందుంచాడు. కడుపులో ఉన్నవాళ్లకు చెప్పినట్టు వంగి, “దాహం పుచ్చుకో నాయనా,” అన్నాడు. తాయారు అప్పటిదాకా బిగబట్టుకుని ఉంది, చెంబెత్తుతూ ఏడ్చేసింది.

1419వ రోజు

రోజుకో ఇంటి వంతు. తెల్లవారగానే చెంబులు బయలుదేరతాయి. నూట యాభై రెండు, తొంభై ఎనిమిది. చీటీలు నలభై మూడూ రాశాను. ఉమ్మేసింది.

1433వ రోజు

నూట నలభై, తొంభై. వాపు తగ్గింది. గాజులు చేతికి జారుతున్నాయని తాయారు నాకు ఫిర్యాదు చేసింది. ఇంత మంచి ఫిర్యాదు నా ఉద్యోగంలో వినలేదు.

నేను తాగేది మూల కుండ నీళ్లే. నా ప్రెషరు నూట ముప్పై ఎనిమిది. రాసి పెడుతున్నాను.

1452వ రోజు

ఎనిమిదో నెల దాటింది. నూట ముప్పై రెండు, ఎనభై నాలుగు. మాత్రలు మూడు నుంచి రెండుకు తగ్గించాను. మిగతా వాళ్ల అంకెలు మాత్రం అలాగే ఉన్నాయి. తాయారుకి పోగా వాళ్లకు పొయ్యడానికి జాడీల్లో ఏమీ మిగలదు. వాన కోసం అందరం ఆకాశం చూస్తున్నాం.

1483వ రోజు

ఆడపిల్ల. రెండు కిలోల ఏడువందలు. గుక్కపట్టి ఏడ్చింది. కొండలు తలుపు బయటే కూలబడిపోయాడు. నాంచారమ్మ బిడ్డను ఒళ్లోకి తీసుకుని, “వచ్చావా తల్లీ, ఎంత తిప్పించుకున్నావే,” అని మాత్రం అంది.

1491వ రోజు

మొదటి వాన. అదే రోజు మెరక నుంచి తాఖీదు. ఆమోదించిన మాత్ర ఎందుకు ఇవ్వలేదు, మూడు వేలకు పైగా తప్పుడు చీటీలు ఎందుకు రాశావు, వచ్చి చెప్పుకోమని. కింద సంతకం ఉంది. మనిషి సంతకం! మూడేళ్ల తర్వాత ఎవరో చదివారు. తిట్టడానికే చదవనీ.

కుండలోంచి ఓ సీసా నిండా నీళ్లు పట్టుకున్నాను. పడవ కదులుతుంటే తాయారు బిడ్డను ఎత్తి చూపించింది. “నెల దాటకుండా వచ్చెయ్ వదినా,” అని అరిచింది. నెల దాటితే మళ్లీ చాప, చెంబు, పళ్లెం.

1503వ రోజు

విచారణకు ముగ్గురు కూర్చున్నారు. ఒక పెద్దావిడ అద్దాలు సవరించుకుంటూ, “నీళ్లు మందెలా అవుతాయమ్మా?” అంది. సీసా తీసి మూడు గ్లాసుల్లో పోసి ముందు పెట్టాను. మర్యాదకి ముగ్గురూ ఎత్తారు. ఒకాయన పక్కనున్న చేతి గుడ్డలోకి ఉమ్మేశాడు.

“తాయారు ఆ నీళ్లతో ఇద్దరిని మోసింది,” అన్నాను. “వాటిని మంచినీళ్లని రాసింది నేనే. దానికి ఏ శిక్ష వేసినా సరే. పడవ మాత్రం పంపండి.”

పెద్దావిడ రెండో గుక్క కూడా తాగి, గ్లాసు కింద పెట్టింది. ఆవిడ మొహం చూస్తే ఇంకేమీ చెప్పనక్కర్లేదనిపించింది.

1530వ రోజు

నీటి పడవ మంజూరైంది. నా ఉద్యోగం ఉండేదీ లేనిదీ తేలడానికి ఇంకా సమయం పడుతుందట. హాస్టలు గదిలో ఉన్నాను. ఏ కొళాయి తిప్పినా తియ్యటి నీళ్లు. ఎంత తాగినా దాహం తీరినట్టు ఉండడం లేదు. కళ్లు మూసుకుంటే ఆ మూల కుండ, నా చేతిలో మూత. బిడ్డకు మెడ నిలిచిందో లేదో.

వీరభద్రంగారి కోసం వెతికాను. కూతురి దగ్గరికి వెళ్లిపోయారట, ఊరు ఎవరికీ తెలియదు. ఆయన కూర్చున్న కుర్చీ మాత్రం గోడవారగా ఉంది. కాసేపు అందులో కూర్చుని వచ్చాను.

1557వ రోజు

చీటీ రాసే హక్కు ఉంచారు. తప్పుకి ఒక ఏడాది జీతం పెంపు ఆపారు. నీటి పడవలోనే, తొట్ల మధ్య కూర్చుని తిరిగొచ్చాను.

వాడ వదిలి అరవై ఆరు రోజులు. నెల దాటి ఇంకో నెల. దారంతా ఒకటే భయం. చాప పరుస్తారు, ఇత్తడి చెంబు పళ్లెంలో వస్తుంది, తాయారు లేచి నిలబడుతుంది. అంతా పద్ధతి ప్రకారమే చేస్తారు, తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. ఈసారి ఆ చెంబు చూస్తే తట్టుకోలేనని నాకు తెలుసు.

నాంచారమ్మ గడపలో కూర్చుని వల అల్లుతోంది. నన్ను చూసి తలెత్తింది. తాయారు బిడ్డకు పాలిస్తోంది, లేవలేదు. చిక్కిపోయావేం వదినా అంది, అంతే. వానలు బాగా పడి, పడవ కూడా వచ్చి, కుండలోనూ జాడీలోనూ ఇప్పుడు ఒకే నీళ్లు. ఏది ఇచ్చినా రుచిలో తేడా తెలియదు.

గడప దగ్గరే నిలబడ్డాను. లోపలికి అడుగు పడలేదు.

“అమ్మా, దాహంగా ఉంది,” అన్నాను.

నాంచారమ్మ వల మీదనుంచి కళ్లు తిప్పకుండానే అంది: “చేతులకేమన్నా జబ్బా? ముంచుకు తాగవే.”